సావుకారు సంతకం పెట్టారు, అప్ప చదవలేదు

పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌కి సాఫ్ట్‌వేర్ పెట్టాక వచ్చిన మొదటి శనివారం సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అక్కడ శనివారం అంటే కూలి డబ్బులు ఇచ్చే రోజు. పప్పు తొక్క తీసే ఆడవాళ్లు యాభై మంది దాకా షెడ్డు బయట రేకుల నీడలో వరసగా కూర్చుని ఉన్నారు. ఒకామెకు చీటీ కట్టాలి, ఒకామె బిడ్డకి జ్వరం, చీకటి పడేలోపు ఆసుపత్రికి వెళ్లాలి. లోపల గుమస్తా కంప్యూటర్ ముందు చెమటలు తుడుచుకుంటున్నాడు. పదకొండు పేర్ల ఎదురుగా ఎర్ర గీత పడి, "రోజు పరిమితి దాటింది, సరిచూడండి" అని వస్తోంది, కూలి లెక్క అక్కడితో ఆగిపోతోంది. ఆ పరిమితి పెట్టింది నేనే. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో చెప్పే నలభై రెండు పేజీల రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌లో, ఇంగ్లీషులో, ఒక నంబరు వేసి మరీ రాశాను: ఒక మనిషి సగటున తీసే పప్పుకి రెట్టింపు దాటితే ఎంట్రీ తప్పని లెక్క. ప్రతి పేజీ కింద యూనిట్ యజమాని సావుకారు గారి సంతకం ఉంది.

తూకం దగ్గర కూర్చునే పెద్దావిడని అక్కడ అందరూ అప్ప అంటారు. ఆమె లోపలికి వచ్చి స్క్రీన్ మీద పేర్లు గుమస్తా చేత చదివించుకుని, నా వైపు తిరిగింది. "ఇది ఒకర్తి తీసిన పప్పు కాదు బాబూ. అత్తా కోడలూ కలిసి కూకుంటారు. పేరు అత్తది రాస్తాం. ఇంటికెల్లి ఆల్లే పంచుకుంటారు." ఆ పదకొండు పేర్లలో ఒక్కటి కూడా తప్పు ఎంట్రీ కాదు. కొన్ని చోట్ల అత్తా కోడళ్లు, కొన్ని చోట్ల అక్కచెల్లెళ్లు, ఒక చోట ముగ్గురు. ఆ రాత్రి కూలి అంతా అప్ప నోటు పుస్తకం చూసే ఇచ్చారు. జ్వరం బిడ్డ తల్లికి అందరికంటే ముందు ఇచ్చేశారు, మిగతా వాళ్లు తొమ్మిదింటి దాకా కూర్చున్నారు.

షెడ్డులో ఎవరిని అడిగినా చెప్పే మాట అది. మూడు నెలల్లో మా దాకా ఎందుకు రాలేదంటే, మేం అడిగింది సావుకారుని, అడిగింది ఆఫీసు గదిలో, అడిగిన ప్రశ్న "మీకేం కావాలండీ" అని. ఆయనకి ఏం కావాలో ఆయన నిజాయితీగానే చెప్పారు. స్టాకు తెలియాలి, బిల్లు రావాలి, కూలి లెక్క తప్పకూడదు. అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక కంపెనీలో పని చేసేవాడిని. డాక్యుమెంట్ రాయడానికి మా దగ్గర ఒక నమూనా ఉండేది, ఐఈఈఈ 830 అనే పాత ప్రమాణం నుంచి తీసుకున్నది. దాని చివరి రూపం 1998లో వచ్చింది, 2011లో దాని స్థానంలో 29148 అనే ఇంకో ప్రమాణం వచ్చింది, అయినా చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఆ పాత తలకట్లే నడుస్తున్నాయి. నమూనాలో తప్పేమీ లేదు. మంచి రిక్వైర్‌మెంట్ ఎలా ఉండాలో అందులో చెప్పినవి ఇప్పటికీ నాకు పనికొస్తాయి: రెండు అర్థాలు రాకూడదు, ఒకదానితో ఒకటి కొట్టుకోకూడదు, అయ్యిందో లేదో పరీక్షించి చూడగలగాలి. కానీ చదవాల్సిన మనిషికి రాని భాషలో రాసిన వాక్యానికి రెండు అర్థాలున్నాయో లేదో ఎవరు చెప్తారు? సావుకారు గారు సంతకం పెట్టింది మా మీద నమ్మకంతో. దాన్ని మేం ఒప్పుదల అనుకున్నాం.

ఆ తర్వాతి సోమవారం ఆమదాలవలసలో రైలెక్కి, నౌపడ ఉప్పు మళ్లు దాటి, పలాసలో దిగి, నేరుగా కాటా దగ్గరికి వెళ్లి ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తీయలేదు. ఒక నోటు పుస్తకం, పెన్ను, అంతే.

మొదటి గంటలోనే కనబడింది. ఆడవాళ్లు పప్పు తెచ్చే గిన్నెలు రకరకాలు, స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఒకటి రెండు పాత సత్తువి. ప్రతి గిన్నె అంచు మీదా ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక నంబరు రాసి ఉంది. అప్ప గిన్నెని కాటా మీద పెట్టి, అంకె చూసి, ఒక్క క్షణం పెదాలు కదిపి, ఇంకో అంకె పుస్తకంలో రాస్తోంది. ఏం చేస్తోందో అర్థం కాక అడిగితే పుస్తకం తిప్పి వెనక అట్ట చూపించింది. అక్కడ గిన్నె నంబర్లు, ఎదురుగా గిన్నె బరువులు, చిన్న చిన్న అక్షరాల్లో రెండు వరసలు. సొట్ట పడి కొత్త గిన్నె వచ్చినప్పుడు పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాసుకుంది. ప్రతి తూకంలోనూ గిన్నె బరువు మనసులోనే తీసేస్తోందన్నమాట. మా స్క్రీన్ మీద గిన్నె అనే మాటే లేదు. మేం అన్ని గిన్నెలకూ ఒకే బరువు అనుకుని ఒక అంకె పెట్టేశాం. తేలిక గిన్నె ఉన్నామెకు ఆ వారమంతా కూలి తగ్గింది, బరువు గిన్నె ఉన్నామెకు పెరిగింది. గ్రాముల్లో తేడానే. కానీ రోజుకి ఎన్నిసార్లు కాటా ఎక్కుతుందో, వారానికి ఎంతవుతుందో ఆ మనిషి లెక్క వేసుకుంటుంది, వేసుకుని ఎవరో తన పప్పు కాజేశారనుకుంటుంది.

ఇలాంటివి ఇంటర్వ్యూలో రావు. దాచిపెడతారని కాదు, రోజూ చేసే పని చెప్పాల్సిన విషయంగా ఎవరికీ తోచదు. మనం అన్నం ఎలా కలుపుకుంటామో ఎవరైనా అడిగితే వేళ్ల సంగతి చెప్తామా?

ఇక తూకం అనే మాట. మా డాక్యుమెంట్‌లో "వెయిట్" అని ఒకే ఒక గడి ఉండేది. పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, పలాస చుట్టూ ఉన్న ఉద్దానం తోటల నుంచి ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, చాలనప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చినవి కొంటారు. వచ్చిన పిక్కని ఎండబెడతారు, ఆవిరి పడతారు, కోసి పెంకు తీస్తారు, పప్పుని వేడి పెట్టి ఆరబెడతారు, అప్పుడు తొక్క తీస్తారు, ఆఖరికి గ్రేడింగ్. అడుగడుగునా తేమ మారుతుంది, దాంతో పాటు బరువూ మారుతుంది. రైతు దగ్గర కొన్న తూకం, కల్లంలో ఎండాక తూకం, డ్రయర్లోంచి దింపాక తూకం, తొక్క తీశాక తూకం, డబ్బాలోకి వెళ్లే తూకం, ఇవన్నీ వేర్వేరు సంగతులు. షెడ్డులో ఎవరు "తూకం" అన్నా ఏ చోట నిలబడి అంటున్నారో చూసి మిగతావాళ్లు అర్థం చేసుకుంటారు. కంప్యూటర్‌కి ఆ చూపు లేదు. అందుకే ఇప్పుడు నా డాక్యుమెంట్ మొదటి పేజీలో మాటల పట్టికే ఉంటుంది. పిక్క అంటే ఏమిటి, గుండు అంటే ఏమిటి, బద్ద ఎప్పుడు ముక్క అవుతుంది, లాటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది. ఈ ఒక్క పేజీకి నాకు రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ నేను ఎప్పుడూ తగ్గించుకోను.

ఈ పట్టిక వేస్తుంటేనే ఇంకో పెద్ద తప్పు బయటపడింది. మా రిపోర్టులో "దిగుబడి" అని ఒక వరస ఉంది. దేశవాళీ పిక్కలకి 22, 21 అని వస్తుంటే ఓడ పిక్కలకి 47, 48 అని వస్తోంది. సావుకారు గారి అబ్బాయి అది చూసి, ఓడ సరుకు ఇంత బాగుంటే ఇక్కడివి కొనడం ఎందుకు అన్నాడు. నిజానికి ఆ రెండూ దాదాపు ఒకటే. 80 కిలోల బస్తాకి ఎంత పప్పు పడుతుందన్నది దిగుబడి. స్థానికంగా దాన్ని కిలోల్లో చెప్తారు. ఓడ సరుకు వ్యాపారంలో అదే 80 కిలోల బస్తాకి పౌండ్లలో చెప్తారు. 48 పౌండ్లంటే 21.8 కిలోలు. బస్తా కిలోల్లో, పప్పు పౌండ్లలో! పప్పు గ్రేడు కూడా అంతే, డబ్ల్యూ 320 అంటే ఒక పౌండుకి 300 నుంచి 320 గుండ్లు (విరగని పప్పులు) తూగేది అని. గుమస్తా బ్రోకరు చెప్పిన అంకె అలాగే ఎక్కించాడు, గడి పక్కన కొలత రాయనిది మేము.

1999 సెప్టెంబరులో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి ఇలాంటి కారణానికే పోయింది. భూమ్మీద ఒక ప్రోగ్రామ్ పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, వాటిని తీసుకున్న ప్రోగ్రామ్ న్యూటన్ల లెక్క అనుకుంది, తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఏంటంటే, మెట్రిక్ కొలతలే వాడాలని వాళ్ల స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది. రాసి ఉన్నా, ప్రోగ్రామ్‌ని దానికి ఎదురుగా పెట్టి ఎవరూ సరిచూడలేదు. అందుకని నేను కొలత పేరు రాయడంతో ఆగను, పక్కనే నిజమైన లెక్క ఒకటి వేస్తాను: "ఫలానా లాటు, 80 కిలోల బస్తాలు పది, తొక్క తీశాక పప్పు 218 కిలోలు, దిగుబడి బస్తాకి 21.8 కిలోలు." ఆ లెక్క గుమస్తా చేత చేయిస్తాను. సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాక అదే లెక్క మళ్లీ టెస్ట్ అవుతుంది.

"మీకేం కావాలి" అని ఇప్పుడు నేను మొదట అడగను. "ఈ పని ఎప్పుడు తప్పింది?" అని అడుగుతాను. "పోయిన నెలలో ఏ రోజు ఆలస్యమైంది? పుస్తకంలో ఎర్ర ఇంకు ఎక్కడుంది? ఈ కొట్టివేత ఎందుకు?" అలా అడిగితే మనుషులు కథ చెప్తారు, రిక్వైర్‌మెంట్లు ఆ కథల్లో ఉంటాయి. కరెంటు సంగతి అలాగే వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల పేజీలు ఎలా ఉన్నాయో చూస్తానంటే అప్ప పాత పుస్తకం తెచ్చింది, అంచులు తడిసి ఉబ్బి ఉన్నాయి. లోపల తూకాలు మాత్రం ఉన్నాయి, చేతి కాటాతో వేసినవి. యూనిట్‌లో అప్పటికే ఉన్న సరుకు పాడైపోకుండా దొరికిన వాళ్లతో తొక్క తీయించారట. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజు తూకం ఆ రోజే ఎక్కించాలి, నిన్నటి తేదీ వేస్తే ఒప్పుకోదు. మోసం జరక్కుండా అని మేమే పెట్టిన కట్టడి అది. దాన్ని తీసేసి ఇలా రాశాం: "కాగితం మీద రాసిన తూకాన్ని గుమస్తా తర్వాత ఎక్కించడానికి వీలుండాలి. తూకం వేసిన తేదీ, ఎక్కించిన తేదీ రెండూ కనబడాలి." మోసం భయమూ తీరింది, తుపాను వచ్చిన రోజు కూడా పని గడుస్తుంది.

ఇక్కడే తెలుగు సంగతి చెప్పాలి. రెండోసారి డాక్యుమెంట్ మొత్తం తెలుగులో రాశాను. అనువాదం కాదు, మొదటి ప్రతే తెలుగు. డెవలపర్లలో ఇద్దరికి తెలుగు రాదు కాబట్టి తర్వాత ఇంగ్లీషు ప్రతి తయారు చేశాను, కానీ రెండింటికీ తేడా వస్తే తెలుగే చెల్లుతుందని పైన రాసి పెట్టాం. కంపెనీలో దీనికి అభ్యంతరం వచ్చింది, తెలుగులో ఖచ్చితంగా రాయలేం అన్నారు. ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను. రాయడం అలవాటు లేకపోవడం వేరు, భాషకి చేతకాకపోవడం వేరు.

అలవాటు చేసుకోవాల్సినవి ఉన్న మాట నిజమే. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకి ఆర్‌ఎఫ్‌సీ 2119 అని 1997 నాటి చిన్న పత్రం ఒకటి ఉంది, మస్ట్ అంటే ఏమిటి, షుడ్ అంటే ఏమిటి, మే అంటే ఏమిటి అని తేల్చి చెప్తుంది. మనకి "చేయాలి" అన్న ఒక్క మాటే చాలా చోట్ల మస్ట్‌కీ షుడ్‌కీ రెండింటికీ నడిచిపోతుంది. కాబట్టి నేను మూడు రకాలు పెట్టుకున్నాను. తప్పనిసరి అయితే "చేసి తీరాలి". ఉంటే బాగుంటుంది, లేకపోయినా పని ఆగదు అంటే "చేస్తే మంచిది". "చేయవచ్చు" అనే మాట మాత్రం వాడటం మానేశాను. "గుమస్తా బిల్లు రద్దు చేయవచ్చు" అంటే అతనికి ఆ హక్కు ఉందనా, అతను రద్దు చేసే ప్రమాదం ఉందనా? హక్కయితే "చేయడానికి వీలుండాలి" అని రాస్తాను. ఇంకొకటి, తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నిలబడుతుంది. "తూకం వేసి రాసుకోవాలి", ఎవరు? మాట్లాడేటప్పుడు తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. ప్రతి వాక్యంలో మనిషి ఉండి తీరాలి. అలాగే "అది మనం చూసుకుందాం" అని మీటింగులో వినబడితే ఆ మనం ఎవరో అక్కడే అడిగేస్తాను, ఎందుకంటే సావుకారు మనసులో ఆ మనంలో నేనున్నాను, నా మనసులో లేను.

కొన్ని ఇంగ్లీషు పద్ధతులు తెలుగులోకి దిగవు, దిగనక్కర్లేదు కూడా. "ఒక ఫలానాగా నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే" అనే యూజర్ స్టోరీ వరస 2001లో లండన్‌లో ఒక కంపెనీలో మొదలైంది. అక్కడ అది బాగానే నప్పింది. "ఒక తూకందారుగా నేను" అని అప్ప జన్మలో అనదు. "అప్ప గిన్నె కాటా మీద పెడుతుంది. గిన్నె నంబరు నొక్కుతుంది. పప్పు బరువు స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో కనబడాలి, పప్పు తెచ్చిన మనిషి కాటాకి ఇవతల నిలబడి చదవగలగాలి." ఇది ఆమెకి చదివి వినిపిస్తే వెంటనే తల ఊపుతుంది, లేదా వెంటనే కాదంటుంది. ఈ రెండోదే మనకి కావాల్సింది.

గిడుగు రామమూర్తి పంతులు గారు మా జిల్లావారే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష తెలిసిన మనిషిని ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నారని చిన్నప్పుడు చెప్పేవారు. వాడుక భాష కోసం ఆయన పడిన శ్రమ నాకు బడిలో ఒక పాఠంగానే తెలుసు. కాటా దగ్గర స్టూలు మీద కూర్చున్న రోజుల్లోనే అది ఎందుకు అవసరమైందో ఒంటికి పట్టింది.

పరీక్షించి చూడగలగాలి అన్నాను కదా. "స్క్రీన్ స్పీడుగా రావాలి" అని మొదటి డాక్యుమెంట్‌లో ఉంది. ఎంత స్పీడు? నేను ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. ఒకామె గిన్నె తీసి ఇంకొకామె గిన్నె పెట్టేసరికి పది, పన్నెండు సెకన్లు. అంటే అంకె రావడం, గిన్నె నంబరు నొక్కడం, సేవ్ అవడం అంతా పది సెకన్లలో అయిపోయి తీరాలి, లేకపోతే వరస పెరుగుతుంది. అలాగే రాశాం. ఇక దాని మీద వాదన లేదు, వాచీ చూస్తే తెలిసిపోతుంది.

మార్పులు వస్తూనే ఉంటాయి, వాటికి విసుక్కోకూడదు. నేను పాత వాక్యాన్ని చెరిపేయను. అప్ప పుస్తకంలోలాగే కొట్టేసి, పక్కన కొత్తది రాసి, తేదీ వేసి, ఎవరు చెప్పారో రాస్తాను. ప్రతి వాక్యానికీ ఒక నంబరు, "తూకం-4", "కూలి-11" ఇలా. ఆరు నెలల తర్వాత ఇది ఎందుకిలా ఉందని ఎవరైనా అడిగితే, ఎవరిని అడగాలో ఆ వరసలోనే ఉంటుంది.

రెండో డాక్యుమెంట్ పూర్తయ్యాక సంతకాలకి ముందు ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, అదే రేకుల నీడలో కూర్చుని మొత్తం పైకి చదివాను. సావుకారు గారు, వాళ్ల అబ్బాయి, గుమస్తా, అప్ప, తొక్క తీసే ఆడవాళ్లు ఓ పాతికమంది. గంటన్నర పట్టింది. నాలుగు చోట్ల ఆపారు. గిన్నె మార్చినప్పుడు కొత్త బరువు ఎవరి ఎదురుగా చూడాలన్నది ఒకటి, తడి పప్పు తిరిగి డ్రయర్‌కి వెళ్తే ఆ తూకం ఎవరి ఖాతాలో ఉండాలన్నది ఒకటి. తర్వాత కూలి-9 చదివాను: "ఒక పేరు మీద ఇద్దరు లేదా ముగ్గురు కలిసి పని చేయడానికి వీలుండాలి. ఎంతమందో అప్ప నమోదు చేసి తీరాలి. రోజు పరిమితి ఆ సంఖ్యను బట్టి పెరగాలి."

అప్ప సరేనంది. సావుకారు గారూ సరేనన్నారు. నేను పేజీ తిప్పబోతుంటే వెనక వరసలోంచి ఒక చిన్న గొంతు వచ్చింది. "ఎంతమందో రాస్తారు గానీ, పేర్లు రాయరా బాబూ?"

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఆ శనివారం ఎర్ర గీత పడ్డ పేర్లలో ఒకామె కోడలు. వాళ్లత్త పక్కనే కూర్చుని నేల వైపు చూస్తోంది. సావుకారు గారు పేర్లెందుకు, డబ్బు ఒకే చేతికి ఇస్తాం కదా అన్నారు. అప్ప వెంటనే ఏమీ అనలేదు. తన పుస్తకం తెరిచి, ఆ పేరున్న పేజీ తీసి, కాసేపు చూసి, "రాయొచ్చు సావుకారూ. జాగా ఉంది," అంది. అత్త కూడా తలెత్తి, రాయండి అంది.

కూలి-9 రెండో ప్రతి ఇలా ఉంది: "ఒక తూకం మీద ఇద్దరు లేదా ముగ్గురు కలిసి పని చేస్తే, అప్ప అందరి పేర్లూ నమోదు చేసి తీరాలి. కూలి చీటీ మీద అందరి పేర్లూ అచ్చవ్వాలి." చెప్పినవారు అనే గడిలో కోడలి పేరు రాశాను. స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో ఆ అమ్మాయే లేచి వచ్చి చూసి, ఒక ఒత్తు దిద్దించింది.